చిగుళ్ళ మీద నీలి గీత

రాయగడలో మా ఫ్యాక్టరీ కాలనీకి కళాయివాడు వచ్చాడంటే ఆ పూట ఆడవాళ్ళెవరికీ ఇంట్లో కాలు నిలిచేది కాదు. వీధి కుళాయి పక్క ఖాళీ జాగాలో గొయ్యి తీసి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజేసి కూర్చునేవాడు. ఇత్తడి గిన్నెలు, చారు చెంబులు వాడి చుట్టూ వరస కట్టేవి. గిన్నెను బాగా కాల్చి, నవాసారం చల్లి, తగరపు ముక్క ఆనించి, దూదిపింజతో ఒక్క చుట్టు తిప్పితే నల్లబడ్డ లోపలి భాగం వెండిలా తళుక్కుమనేది. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండితే చిలుమెక్కుతుంది, తిన్నవాడికి కడుపు తిప్పుతుంది. కాబట్టి కళాయి వేయించడం మంచి పనే. తగరంతో వేస్తే.

తగరం ప్రియం. ఫ్యాక్టరీలో మా ఎలక్ట్రికల్ షాపులో మాత్రం తీగలు అతికే టంకం కడ్డీలకు కరువు లేదు. మగవాళ్ళు ఒక ముక్క జేబులో వేసుకొచ్చి పెళ్ళాల చేతికిచ్చేవారు, వాళ్ళు కళాయివాడికి ఇచ్చేవారు. దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు, ఇంటి మీద శ్రద్ధ అనుకున్నారు. టంకం తగరం కన్నా తేలిగ్గా కరుగుతుంది, నున్నగా పరుచుకుంటుంది. ఊళ్ళో వాళ్ళ గిన్నెలకు లేని మెరుపు మా కాలనీ గిన్నెలకుండేది. టంకంలో సగం సీసమని షాపులో ప్రతివాడికీ తెలుసు. ఆ షాపు గేటు దాటి ఇంటికి రాగానే అది సీసమన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ గిన్నెల్లోనే పొద్దూ మాపూ చింతపండు చారు తెర్లేది. "మీ చారులో పులుపు మెత్తగా ఉంతాది, ఏటి సేత్తారమ్మా?" అని ఊళ్ళోవాళ్ళు అడిగితే మా ఆడవాళ్ళు గర్వపడేవారు.

నేను అరవైల నడుమ టెక్నీషియన్‌గా చేరాను. విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఒక పఠనమందిరంలో ఆదివారం ఆదివారం వాదప్రతివాదాలు జరిగేవి. వితంతు వివాహం, జంతుబలి, జాతకాలు, ఏదైనా సరే, గొంతు ఎంత పెంచినా ఫరవాలేదు గాని ఆధారం బల్ల మీద పెట్టాలన్నది అక్కడి నియమం. ఆ నియమాన్ని మూటగట్టుకుని రాయగడ వచ్చాను. కాలనీ రీడింగ్ రూములో నేనూ అలాంటి సభలు పెట్టాను. పదిమంది వచ్చేవారు, అందులో సగం క్యారమ్స్ బోర్డు ఖాళీ అయ్యేదాకా కూర్చునేవారు. నాకు దక్కిన బిరుదు 'దేవుడు నేని బాబు', అంటే దేవుడు లేడనే బాబు.

మా పక్క క్వార్టర్లో బ్యాటరీ రూములో పనిచేసే అతను, అతని తల్లి, భార్య ఉండేవారు. వాళ్ళకీ మాకూ నడుమ ఒకటే గోడ. అతని భార్య కల్యాణసింగ్‌పూర్ నుంచి వచ్చిన పిల్ల, బళ్ళు చేసే వడ్రంగి కూతురు. గట్టి మనిషి, గట్టి నోరు. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పింది. ఆ సంగతి మాకు తెలిసింది ఆమె సంతోషంగా చెప్పినందువల్ల కాదు, కుళాయి దగ్గర అత్తగారు వీధంతా వినేలా అన్న మాట వల్ల.

"ఈపాలి గాని నిలబడకపోతే మావోడికి ఇంకో గుంటని సూసీసుకుంతాను. ఇందులో దాపరికమేటి? కాయని సెట్టుకి నీల్లెవులు పోత్తారు?"

కోడలు బిందె నడుముకెత్తుకుంటూ అంది. "నీల్లు మోసేది నానే గదా అత్తా! సెట్టుకీ నానే, నీకూ నానే."

కుళాయి దగ్గర అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ముసలామె ఊరికే బెదిరించే మనిషి కాదు. అప్పటికే ఒకసారి కోడల్ని కొండూరు తీసుకెళ్ళి, అక్కడ దిశారి, అంటే నక్షత్రం చూసి శాంతి చెప్పే కొండపూజారి, చెప్పినట్టు నల్లకోడిని కోయించింది. దానికి ముందు కొడుకు మా గుమ్మంలోకొచ్చి తల గోక్కున్నాడు.

"బాబూ, మీరు నమ్మరనుకోండి. నల్ల కోడిపెట్ట మీ ఆవిడగారి దగ్గర ఉన్నాదంట."

"కోడి ఉంది. నీకు బుర్ర లేదు."

"బుర్ర ఉంతే బేటరీ రూములో ఎందుకుంతాను బాబూ, మీలాగ ఫేను కింద కూకుందును గదా," అన్నాడు. కోడి పట్టుకెళ్ళాడు.

అతనికీ ఒక జబ్బు ఉంది. ఉన్నట్టుండి బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, నాలుగేసి రోజులు విరేచనం లేకపోవడం. అది అతనొక్కడిదే కాదు. బ్యాటరీ రూములో అందరిదీ. దానికి వాళ్ళు 'బేటరీ నొప్పి' అని పేరు పెట్టుకుని, పెళ్ళికి కట్నంలా పనికి అది కూడా వస్తుందన్నట్టు భరించేవారు. కంపెనీ ఆసుపత్రిలో ఆముదం ఇచ్చేవారు.

షాపు బీరువాలో చెదలు తిన్న పాత భద్రతా పుస్తకం ఒకటి ఉండేది. పనిలేని మధ్యాహ్నం దాన్ని తిరగేస్తుంటే సీసం పని చేసేవారి కడుపునొప్పి గురించి కనిపించింది. మొహం పాలిపోవడం, మణికట్టు వాలిపోవడం, ఆడవారికి గర్భం నిలవకపోవడం, చిగుళ్ళ అంచున నీలిగా ఒక గీత. పుస్తకం మూసి తిన్నగా బ్యాటరీ రూముకు వెళ్ళాను. వాళ్ళు టిఫిను విప్పుకుని కూర్చున్నారు. పాత బ్యాటరీల సీసపు ప్లేట్లు గీకిన బూడిదరంగు పొడి బెంచీల మీద, వాళ్ళ వెంట్రుకల మీద, రోటీల మీద. ఒక్కొక్కణ్ణీ నోరు తెరవమన్నాను.

"ఎద్దుని కొనీటప్పుడు సూసినట్టు సూత్తన్నారేటి బాబూ?"

"కొనరు గాని, ముసిల్దో కాదో సూసుకుంతన్నారు."

"ఒరే, పల్లన్నీ సూపించీకు, రేపు దాన్ని బట్టి ఇంక్రిమెంటు కట్ సేసేత్తారు."

నవ్వులు నవ్వులుగానే ఉన్నాయి. గీతలు గీతలుగా ఉన్నాయి. పెన్సిలుతో గీసినట్టు పంటికీ చిగురుకీ మధ్య నీలి నలుపు. చుట్ట వల్ల అన్నారు. చుట్ట ముట్టని వాడొకడున్నాడు, వాడికీ ఉంది. నీళ్ళ వల్ల అన్నారు. పక్క షాపువాళ్ళూ అవే నీళ్ళు తాగుతారు, వాళ్ళకు లేదు. ఆ రోజు నేను చేసిందాంట్లో గొప్ప ఏమీ లేదు. కళ్ళున్నవాడెవడైనా చేయవచ్చు. ఇన్నేళ్ళుగా ఆముదం పోసిన వాళ్ళకీ కళ్ళున్నాయి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను, పక్కింటి పిల్ల చిగుళ్ళు చూడమని. ఆమె పేలు చూసే నెపంతో పిలిచి, మాటల్లో పెట్టి, నోరు కూడా చూసి వచ్చింది.

"ఉంది. సన్నగా ఉంది కాని ఉంది. ఆ పిల్ల బ్యాటరీ రూము గుమ్మం కూడా తొక్కదు కదండీ. ఆమె నోట్లోకి ఎలా వచ్చింది?"

సరైన ప్రశ్న అడగడం మా పఠనమందిరంలో నేర్పేవారు. మా ఆవిడ దాని గడప తొక్కలేదు. ఇద్దరం వంటింట్లో నిలబడి చూస్తే జవాబు పొయ్యి మీదే మెరుస్తోంది.

ఆ ఆదివారం సభకు విషయం గిన్నెలని చాటించాను. మొదటిసారి ఆడవాళ్ళు వచ్చారు. "దేవుడి పనైపోయింది గావాల, గిన్నెల మీద పడ్డారు," అని వెనక ఎవరో గొణిగారు. బల్ల మీద అసలు తగరపు కడ్డీ ఒకటి, మన టంకం కడ్డీ ఒకటి పెట్టాను. తగరపు కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే లోపల ఏదో విరుగుతున్నట్టు కరకరమంటుంది. సీసం కలిసిన టంకం వంచితే మూగగా వంగుతుంది. ఒక్కొక్కరూ వచ్చి చెవి ఆనించి విన్నారు. మా గిన్నె గీకిన పొరను తెల్లకాగితం మీద రాస్తే పెన్సిలు చార పడింది. చారులో పులుపు ఈ సీసాన్ని గీకుతుందనీ, అది రక్తంలోకీ కడుపులో బిడ్డలోకీ పోతుందనీ చెప్పాను.

పక్కింటి పిల్ల ముందు వరసలో కూర్చుంది. లేచి అడిగింది. "అయితే బాబూ, నా పిల్లల్ని సంపీసింది ఇదేనేటి?"

"ఇది కూడా," అన్నాను.

ఆ సాయంత్రమే ఆమె ఇత్తడి గిన్నెలన్నీ అటక మీద పడేసి, సంతలో మట్టికుండలు కొని తెచ్చుకుంది. అత్తగారు గోల పెట్టింది. "కలాయి గిన్నెలుండగా కుండల్లో వొండుకుంతాం, ఊరి బయట బతికినోల్లలాగ!" కోడలు వినలేదు. దిశారి దగ్గరికీ రానంది. ఈసారి బిడ్డ నిలవాలి. ఆమెకు అంతకు మించి వాదం లేదు.

వారం తిరక్కుండా కంపెనీ డాక్టరు నన్ను పిలిపించాడు. అంతవరకు నేను వరండాలో కనిపిస్తే తలుపు వేసుకునే మనిషి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఎంత గొప్ప పని చేశారన్నాడు. మర్నాడు గేటు దగ్గర ఒరియా, తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో నోటీసు. టంకంతో గిన్నెలకు కళాయి వేయించుకోరాదు, కార్మిక కుటుంబాల్లో కడుపునొప్పికీ రక్తహీనతకూ గర్భస్రావాలకూ కారణం ఇది, ఇకపై టంకం బయటికి తీసుకెళితే శిక్ష. కింద డాక్టరు సంతకం. గేటు కాపలావాళ్ళు జేబులు తడమడం మొదలుపెట్టారు.

ఆ నోటీసులో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే అది అంత పనికొచ్చింది. కారణాల్లో ఒకటి వంటింట్లో దొరికింది కాబట్టి మిగతావి వెతకనక్కరలేదు. ఆడవాళ్ళ తెలివితక్కువ, మగవాళ్ళ చేతివాటం. ఇంతకన్నా సుఖమైన రోగనిర్ణయం ఏ కంపెనీకి దొరుకుతుంది?

మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళాను. ఈసారి టీ లేదు. బ్యాటరీ రూములో ఒట్టి చేతులతో ప్లేట్లు గీకుతున్నారనీ, ఆ బట్టలతోనే ఇంటికొస్తున్నారనీ, ఆ బట్టలు పెళ్ళాలు కాలనీ పక్కన పారే గెడ్డలో ఉతుకుతున్నారనీ, ఆ గెడ్డకు పైన కాంట్రాక్టరు పాత ప్లేట్లు కొని గుంటల్లో కరిగిస్తున్నాడనీ చెప్పాను. ఆ గుంటల పొగ సోకిన గడ్డి మేసిన ఆవులు గుడ్డివై, గోడకు తల ఆనించి నిలబడి చచ్చేవి. కొండ మీది కాపర్లు ఎవరో ముసలిదాని దిష్టి తగిలిందని ఆమెను తరిమికొట్టారు. ఇదీ చెప్పాను.

"మీరే కదా నిరూపించారు, గిన్నెల వల్లని?" అన్నాడు డాక్టరు.

"గిన్నెల వల్ల కూడా అన్నాను. బ్యాటరీ రూములో అందరి చిగుళ్ళకూ గీత ఉంది."

"మీవాళ్ళు చుట్టలు తాగుతారు."

"పక్కింటి అమ్మాయి తాగదు."

"మీ శ్రీకాకుళం ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారని ఎవరికి తెలీదు? నిప్పు నోట్లో పెట్టుకుంటే చిగుళ్ళు నల్లబడక తెల్లబడతాయా?"

"నిప్పు నోట్లో పెట్టుకునేది అత్తగారు. ఆమె చిగుళ్ళకు గీత లేదు, అక్కడ పళ్ళే లేవు. కోడలి నోరు పిలిచి చూడండి. రక్తం పరీక్షకు పంపండి. ఆమెది, ఆమె మొగుడిది."

"మగవాడి రక్తమెందుకు? కడుపు పోతున్నది ఎవరికి?" అని చిరునవ్వు నవ్వాడు. ఎమ్.బి.బి.ఎస్. చదివినవాడు, మెడలో స్టెతస్కోపు ఉన్నవాడు అన్న మాట ఇది. ఆ ముసలామె కుళాయి దగ్గర అన్నదానికీ దీనికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మాటలో ఇంగ్లీషు లేదు, అంతే.

యూనియన్ నాయకుడి దగ్గరికి వెళ్ళాను. బ్యాటరీ రూము వాళ్ళకు విషానికి విరుగుడని రోజూ బెల్లం ముక్క ఇచ్చేవారు. అతను ఓపికగా విని, "అవును కామ్రేడ్, న్యాయమైన కోరిక," అని ఆ బెల్లం ముక్క పెద్దది చేయాలని తీర్మానం రాశాడు. పెద్దది చేశారు కూడా. విజయోత్సవ సభ జరిగింది.

మిగిలింది ఇల్లు. గోడ అవతల మొగుడికి చెప్పాను, బట్టలు షాపులోనే విప్పి, అక్కడే ఉతుక్కుని, వేరేవి కట్టుకు రమ్మని.

"ఎక్కడ ఉతకను బాబూ? కులాయున్నాదా, గదున్నాదా అక్కడ? గోచీతో గేటు దాటితే సెక్యూరిటీవోడు దాన్నీ తడుముతాడు."

అతని మాట నిజమే. అంత పెద్ద ఫ్యాక్టరీలో పనివాడు చేతులు కడుక్కోవడానికి చోటు లేదు. ఆ బట్టలు ఆ పిల్లే బాదింది, మోకాళ్ళ దాకా గెడ్డలో దిగి, బండ మీద పొడి లేచేలా. కడుపుతో ఉన్న మనిషి. కుండలో వండుకున్న అన్నం తిని, వెళ్ళి సీసం ఉతికేది. మా ఆవిడ ఆపాలని చూస్తే, "నాను ఉతక్కపోతే మా అత్త ఉతుకుద్దేటి? నా మీద రాగం తీత్తాది," అంది.

అయిదో నెలలో కడుపు పోయింది.

అత్తగారు మా గుమ్మంలోకి వచ్చింది. ఏడుపు లేదు, కోపమూ లేదు. వాదంలో గెలిచినవాళ్ళ నిదానం.

"కుండల్లో వొండించినారు. కలాయి గిన్నెలు అటకెక్కించినారు. మా పూజలు మాన్పించినారు. అంతా మీరు సెప్పినట్టే సేసింది గదా బాబూ, మరేటైంది మీ సైన్సు?"

బట్టల సంగతి చెప్పాను. గుంటల సంగతి చెప్పాను. "ఒకసారి గిన్నంతారు, ఒకసారి గుడ్డంతారు. దిశారైనా ఒక్క దెయ్యం పేరే సెప్పేడు," అని వెళ్ళిపోయింది.

నెలలోపే రెండో సంబంధం ఖాయం చేసింది. పొట్టంగి దగ్గర నుంచి పదహారేళ్ళ పిల్ల. మొదటి భార్య గొడవ పడలేదు. తట్ట సర్దుకుని మా ఆవిడ దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చింది. "నన్ను పంపీసినారు గాని అమ్మా, ఆ బట్టల మూట మాత్రం కొత్తదానికి అలగే ఉంచీసినారు," అంది. నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, ఇచ్చాను. ఇంత సూటిగా చెప్పిన మనిషిని చూడలేదు.

కల్యాణసింగ్‌పూర్‌లో ఏడాది తిరక్కుండా ఆమెకు మారుమనువు చేశారు. మా విజయనగరం సభల్లో పుణ్యపురుషులు స్త్రీ పునర్వివాహం శాస్త్రసమ్మతమా కాదా అని గంటలకొద్దీ గొంతు చించుకునేవారు. ఆ వడ్రంగి ఇంట్లో ఎవరూ శాస్త్రం అడగలేదు. చీర పెట్టారు, పదిమందికి భోజనం పెట్టారు, అయిపోయింది.

ఇక్కడ కాలనీలో కొత్తపిల్లకు మొదటి కడుపు పోయింది.

ఆ తర్వాత ఒక కొలీగు పొలం చూడటానికి తోడు వెళ్ళి కల్యాణసింగ్‌పూర్ సంతలో ఆమెను చూశాను. చంకలో బిడ్డ. నల్లగా, నిండుగా, అరటిపండు నలుపుతూ నా కళ్ళజోడు మీదికి చెయ్యి చాపాడు.

"మా నాయన సూడండి బాబూ, ఎలగున్నాడో! కుండలో వొండుతున్నానండోయ్, మీ మాట మర్సిపోనేదు." చిగుళ్ళు చూపించి నవ్వింది. గీత చెరిగిపోయి చాలాకాలమైనట్టుంది.

ఇంత ఖచ్చితమైన ప్రయోగం ఏ కాలేజీలోనూ చేయరు. అదే మొగుడు, అదే ఇల్లు, అవే బట్టలు. ఆడమనిషిని మార్చారు, ఫలితం మారలేదు. ఆ ఆడమనిషిని ఆ ఇంట్లోంచి తీశారు, బిడ్డ పుట్టాడు. నేను బల్ల మీద పెట్టమన్న ఆధారం ఇదే. దాన్ని ఇద్దరు ఆడపిల్లల ఒంటి మీద, నాలుగు పిండాల ఖర్చుతో సంపాదించారు. సంపాదించినవాళ్ళకు అది అక్కరలేదు.

ఆమె అడిగింది. "ఆ అమ్మికి పిల్లలు?"

చెప్పాను. ఆమె బిడ్డను ఇంకో చంకలోకి మార్చుకుంది. తర్వాత, "నానొచ్చి సెప్తాను," అంది.

నిజంగానే వచ్చింది. బిడ్డను చంకనేసుకుని, పగటి బస్సులో వచ్చి తిన్నగా తన పాత గుమ్మంలో నిలబడింది. ముసలామె చీపురు పట్టుకుంది. "ఎందుకొచ్చినావే? దిష్టి పెట్టడానికేటి?"

"దిష్టి పెట్టీపాటి అందం నీకెక్కడిది గాని అత్తా, పక్కకుండు." లోపల నిలబడ్డ కొత్తపిల్లతో అంది. "ఇలగ సూడమ్మీ. ఈ గుంటడు నా కడుపునే పుట్టేడు. నానూ గొడ్రాలిని కాదు, నువ్వూ కాదు. కడుపొచ్చిందంతే మీ కన్నోరింటికి ఎలిపో. పుట్టీదాకా రాకు. ఆడి బట్టలు ముట్టుకోకు. ఈ గెడ్డలో దిగకు. తెలిసిందా?"

ఆ పిల్ల తల ఊపింది. నా పుస్తకానికీ నా సభకూ రాని గౌరవం ఆ చంకలో బిడ్డకు వచ్చింది.

మళ్ళీ నెల తప్పగానే కొత్తపిల్ల ఏడ్చి, అలిగి, తిండి మానేసి పుట్టింటికి పొట్టంగి వెళ్ళిపోయింది. ఈలోగా ముసలామె ఎవరో వాస్తు చూసేవాణ్ణి పిలిపించి, వంటింటి తలుపు మూయించి, పెరటివైపు ఇంకోటి కొట్టించింది. క్వార్టర్ గోడ పగలగొట్టినందుకు కంపెనీ నోటీసు ఇచ్చింది. గెడ్డ పైన గుంటలకు మాత్రం ఏ నోటీసూ రాలేదు. పొట్టంగిలో ఆడపిల్ల పుట్టింది, నిండు నెలలకు, ప్రాణంతో.

"తలుపు మార్సినాం, నిలబడింది," అని ముసలామె వీధంతా లడ్డూలు పంచింది.

డాక్టరు నన్ను వరండాలో ఆపాడు. "చూశారా? కళాయి మాన్పించాం, ఫలితం కనిపించింది. హెడ్డాఫీసుకు రిపోర్టు రాశాను. మీ కృషి కూడా ప్రస్తావించాను."

ఇద్దరిలో ఎవరితోనైనా వాదించగలిగేవాణ్ణి. వినే చెవి ఎవరికుంది?

మూడో నెలలో బిడ్డను కాలనీకి తీసుకొచ్చారు. ఆ పిల్ల రానంది, వాళ్ళ నాన్న దింపి వెళ్ళాడు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె అరుగు మీద బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది. మొగుడు నా వెనకే వచ్చాడు, భుజాల మీద బూడిద పొడితో. బిడ్డను మొదటిసారి చూడటం. రెండు చేతులూ చాచాడు. కుడి మణికట్టు అప్పటికే కాస్త వాలి ఉంది.

"ముందా బట్టలు ఇప్పీ," అంది ఆ పిల్ల. "ఒల్లు కడుక్కుని రా."

"ఏటే, నా కూతుర్ని నానెత్తుకోడానికి నీ పర్మిషనేటి?"

"కడుక్కుని రమ్మంతే!"

"సూసినావేటమ్మా, నీ కోడలు నన్ను అంటరానోడిని సేసేసింది," అని నవ్వాడు. తల్లి నవ్వింది. వీధిలో ఇంకా ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ పిల్ల నా వంక చూసింది.

"ఆమె చెప్పింది నిజం. కడుక్కుని రా," అన్నాను.

"మీరుండండి బాబూ," అని అతను వంగి బిడ్డను తీసుకుని గుండెకు అదుముకున్నాడు. బిడ్డ ఏడవలేదు. చొక్కా బొత్తాం దొరికితే నోట్లో పెట్టుకుంది.